గింజ పక్కన నిలబడి

ఆ ఏడు నన్ను రెండో పీయూసీలో, అంటే ఇంటర్ రెండో ఏడులో, ముంచింది కెమిస్ట్రీ. కెమిస్ట్రీలో ముంచింది వేడి పాఠం. కన్నడ రాష్ట్రపు అంచున పావగడ తాలూకాలో పుట్టి, ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండలో వేగే మనిషి వేడి దగ్గరే తప్పిందంటే ఎవరికి మాత్రం నవ్వు రాదు? మా ఊరు నిడుగల్లులో అందరూ నవ్వారు. మా వీధిలో కాలేజీ గడప తొక్కిన ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి, నవ్వడానికి వాళ్లకు ఇంకెవరూ దొరకలేదు కూడా.

తప్పు నాదే. తెలియక తప్పలేదు, మొండితనంతో తప్పాను. ఇది ఎనభై ఆరులో మాట.

మా కెమిస్ట్రీ లెక్చరర్ పేరు జయరామప్ప. వెంకటమ్మనహళ్లి వైపు మనిషి. పాఠం కన్నడలో మొదలుపెట్టి, ఉత్సాహం వచ్చిందంటే తెలుగులోకి దిగిపోయేవారు. మా కాలేజీలో ల్యాబు అంటే రెండు బల్లలు, ఒక స్పిరిటు దీపం, ఎప్పుడూ తాళం వేసి ఉండే ఒక బీరువా. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆయనకూ తెలియదు. అందుకని సామాను కోసం మా ఇళ్ల మీద పడేవారు. ఒక రోజు సున్నపురాయి తెమ్మన్నారు, ఒక రోజు పిడికెడు యూరియా తెమ్మన్నారు. సున్నం మీద నీళ్లు పోస్తే గిన్నె పట్టుకోలేనంత కాలింది. నీళ్లలో యూరియా కలిపితే గిన్నె కుండనీళ్లంత చల్లబడింది. ఒకటి తనలోని వేడిని బయటికి ఇచ్చేస్తుందనీ, రెండోది చుట్టుపక్కల వేడిని లోపలికి లాక్కుంటుందనీ చెప్పారు. అంతవరకు నాకు బాగానే ఎక్కింది.

ఫిబ్రవరిలో ఒక రోజు నన్ను ఒక చెనక్కాయ తెమ్మన్నారు. వేరుశనగ పండించే ఊరి పిల్లను ఒక కాయ అడగడం పెద్ద కోరికా అనుకుంటారు మీరు. అంతకు ముందు రెండేళ్లు వాన మొహం చాటేసింది. తినే కాయలు ఏ ఇంట్లోనూ లేవు. ఉన్నవి విత్తనపు కాయలే. మా ఇంట్లో ఆరు మూటలు, మూడెకరాలకు సరిపోయే విత్తనం. మూతులు కుట్టిన ఆ మూటలను మా అమ్మ మారక్క కన్నబిడ్డకంటే భద్రంగా చూసుకునేది. కన్నబిడ్డను నేనే కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఒక మూట కుట్టు సందులో వేలు పెట్టి ఒక్క కాయ లాగాను.

సారు ఆ కాయ ఒలిచి, ఒక గింజను గుండుసూదికి గుచ్చి, సూదిని మట్టిముద్దలో నిలబెట్టారు. దాని పైన టెస్ట్ ట్యూబులో నాలుగు చెంచాల నీళ్లు, నీళ్లలో థర్మామీటరు. గింజకు అగ్గిపుల్ల అంటించారు. గింజ నూనె కక్కుతూ, చిటపటమంటూ మండింది. అది బొగ్గయ్యేసరికి ఇరవై ఏడు డిగ్రీలున్న నీళ్లు అరవై దాటాయి. కాలింది ఒక్కటంటే ఒక్క గింజ.

ఈ వేడి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. అగ్గిపుల్ల నుంచి అన్నారు కొందరు. ఆయన ఒప్పుకోలేదు. గింజ తన కడుపులో ఎండను దాచుకుందనీ, గాలితో కలిసి మండినప్పుడు ఆ దాచుకున్నది బయటపడిందనీ అన్నారు. మంట లేకుండా కూడా ఈ పని జరుగుతుందట. బతికున్న గింజ ఊపిరి తీసుకుంటుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా తనను తాను పిసరంత కాల్చుకుంటుంది. ఎండిన గింజ నిదానంగా కాల్చుకుంటుంది, తడిసిన గింజ తొందర తొందరగా కాల్చుకుంటుంది. ఇదంతా చెప్పి, బోర్డు మీద లెక్క రాసి, బయటికి వచ్చిన వేడి ముందు మైనస్ గుర్తు పెట్టారు.

నేను లేచి నిలబడ్డాను. నాకు నోరు ఊరుకోదు.

"చెయ్యి కాల్తా ఉంటే మైనస్ ఎట్లయితాది సార్? మనకి వచ్చేది ప్లస్సు కదా."

"నువ్వు నీ చెయ్యి పక్కన నిలబడి చూస్తా ఉండావు నాగక్కా. గింజ పక్కన నిలబడి చూడు" అన్నారు సారు.

నాకది ఎక్కలేదు. గింజ పక్కన నిలబడడానికి నేనేమన్నా చీమనా అని గొణుక్కుంటూ కూర్చున్నాను. కాలే చెయ్యి నాది, సుఖమో కష్టమో తగిలేది నాకు, మధ్యలో గింజ గొడవేమిటి? ఏప్రిల్ పరీక్షలో వేడి బయటికి వచ్చిన ప్రతి చోటా పంతం పట్టి ప్లస్సే రాశాను. మూడు మార్కులు తక్కువై తప్పాను.

అది తర్వాతి సంగతి. గింజ కాల్చిన రోజు సాయంత్రం ఇంటికి వెళ్లి, చూసిన వింతంతా అమ్మకు గొప్పగా చెప్పాను. అమ్మ బియ్యం చెరుగుతున్న చాట కింద పెట్టింది.

"మీ నోర్లు కట్టి దాచిపెట్టిన ఇత్తనం అది. దానికి అగ్గి పెట్టినాడా మీ సారు? ఆకలి తెలిసినోడు ఇత్తనం కాల్చడని చెప్పు పో."

చెప్పాను. మర్నాడు ఒక్క అక్షరం మింగకుండా క్లాసులోనే చెప్పాను. సారు మొహం చిన్నబోయింది. కోపం తెచ్చుకోలేదు. మీ అమ్మ మాట నిజమే అని మాత్రం అన్నారు. ఆ తర్వాత పక్క సెక్షనులో ఇదే పాఠానికి కానుగ గింజ కాల్చి చూపించారని విన్నాను.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. జూలైలో మబ్బులొచ్చాయి. మా నాన్న ఓబన్న గొర్రెలను తోలుకుని, మేత దొరికే కాలవ నేలల వైపు వెళ్లి అప్పటికి నాలుగు నెలలు. ఇంట్లో అమ్మా నేనూ. తప్పినందుకు అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అక్టోబరులో మళ్లీ రాయి, అంతవరకు చేను పనికి నిన్ను పిలవను అంది. అంతమంది నవ్విన ఊళ్లో నవ్వని మనిషి ఆమె ఒక్కతే.

మా వైపు విత్తనపు కాయలు ఒలిచే ముందు వాటి మీద నీళ్లు చల్లుతారు. పొట్టు మెత్తబడితే గింజ చీలదు, ఒలిచే వేళ్లు పుండ్లు పడవు. అయితే రేపు ఒలవబోయే కాయలే, అంతమటుకే, ఈ సాయంత్రం తడిపి గోనె కప్పి పెడతారు. అట్లా అయితే ఆరు మూటలకు వారం పడుతుంది. ఆ ఏడు మబ్బును చూసి అమ్మకు కాలు నిలవలేదు. ఇరవై మంది ఆడవాళ్లు రేపు తప్పకుండా వస్తామని మాటిచ్చారు. అందరినీ కూర్చోబెట్టి ఒకే రోజులో ఒలిపించి, వానకు నేల పదునెక్కగానే విత్తేద్దామనుకుంది. ఆరు మూటల కాయలూ ఇంటి మూల కుప్ప పోసి, బిందెలతో నీళ్లు చల్లి, గోనెలు కప్పింది. వాటి మీద కంబళి కూడా కప్పింది.

ఆ రాత్రే వాన దిగింది. రెండేళ్లకు వచ్చిన మంచి వాన. తెల్లవారి ఇరవై మందిలో ఒక్కరూ రాలేదు. ఎవరి చేను వాళ్లకుంది, ఎవరిని తిడతాం? రేపు వస్తారంది అమ్మ. పైకాయలు ఆరినట్టున్నాయని మళ్లీ రెండు చెంబుల నీళ్లు చల్లి, కంబళి సర్దింది. మర్నాడు ముసురు పట్టింది. ఆ రోజూ ఎవరూ రాలేదు.

మూడో రోజు పొద్దున నేను కెమిస్ట్రీ పుస్తకం పట్టుకుని ఆ కుప్పకు వీపు ఆనించి కూర్చున్నాను. ముందు రోజూ అక్కడే కూర్చున్నాను. ముసురుకు ఇల్లంతా జిల్లుమంటుంటే ఆ మూల ఒక్కటే వెచ్చగా ఉండేది. అమ్మ ఒడిలో కూర్చున్నంత హాయిగా ఉండేది. పాఠాన్ని తిట్టుకుంటూ చదువుతున్నాను. వేడిని బయటికి ఇచ్చే చర్యలు అన్న చోటికి వచ్చాను. సున్నం, బొగ్గు, కట్టె, ఊపిరి అని వరసగా ఉదాహరణలున్నాయి. వీపు వెనక వెచ్చగా ఉంది.

అప్పుడు తట్టింది. ఎండ మొహం చూసి మూడు రోజులైంది. పొయ్యి అవతల ఉంది. గోడ ముట్టుకున్నాను, చల్లగా ఉంది. నేల చల్లగా ఉంది. కుప్ప పోసిన రోజు కాయలూ చల్లగానే ఉన్నాయి, నీళ్లూ చల్లటివే. మరి ఈ వెచ్చదనం ఎవరిచ్చారు?

కంబళి లాగి, గోనె తీసి, కుప్పలో చెయ్యి పెట్టాను. మణికట్టు వరకు గోరువెచ్చన. మోచేతి వరకు పోనిస్తే జ్వరం వచ్చిన ఒళ్లు. భుజం దాకా పోనిచ్చాక వేళ్లు అక్కడ ఉంచలేకపోయాను. బయటికి తీసిన చెయ్యి చెమర్చి, పులిసిన పిండి వాసన కొట్టింది.

ఐదు నెలలుగా నా చెవి బయటే నిలబడ్డ మాట అప్పుడు లోపలికి వచ్చింది. నా వీపుకు వచ్చిందంతా గింజలోంచి పోయింది. రెండు రోజులు నేను హాయిగా చలి కాచుకున్నది మా మూడెకరాల మొలకతో. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేదని కూడా తెలిసింది.

అమ్మను పిలిచి చెప్పాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. ఉలవలు తడిపి గుడ్డలో కట్టి వెచ్చగా పెడితేనే కదా మొలకలు వచ్చేది, వెచ్చగా ఉంటే ఇంకా మంచిదే కదా అంది. కంబళి మళ్లీ కప్పబోయింది. నేను పట్టుకుని ఆపాను.

"నీకు తప్పిన పాఠం తెచ్చి నా ఇత్తనం మీద పెట్టొద్దు" అంది అమ్మ.

ఆ మాట గుచ్చుకుంది. ఇంకొక రోజైతే రెండు పూటలు అన్నం మానేసి అలిగేదాన్ని. అంతవరకు ఒక్క మాట అనని మనిషి అన్నది కదా, అందుకే ఇంకా లోతుకు దిగింది. కానీ ఆ రోజు అలిగితే కుప్ప కాలుతూనే ఉంటుంది. ఆమె చెయ్యి పట్టుకుని కుప్ప దగ్గర కూర్చోబెట్టాను.

"చెయ్యి లోపలికి పెట్టి చూడుమా. దిబ్బలో పేడ ఎట్ల కాగుతాదో అట్ల కాగుతా ఉండాది. ఇది మనకి వెచ్చగా ఉండేదంతా గింజకి పోయేదేమా. అది తన్నే తాను కాల్చుకుంటా ఉండాది."

అమ్మ చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాటింది, భుజం ఆనింది. ఆమె మొహంలో రంగు దిగిపోవడం చూశాను. పేడదిబ్బ వేడి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎన్ని వేసవులు ఆ దిబ్బను తవ్వి, పొగలు కక్కే ఎరువును తట్టల్లో మోసిందో.  

"పల్చగా పరచల్ల" అని లేచింది.

అదే చేయాల్సిన పని. కుప్పలో పుట్టిన వేడికి బయటికి పోయే దారి ఉండదు. లోపల వేడెక్కిన కొద్దీ గింజ ఇంకా జోరుగా కాల్చుకుంటుంది, కాల్చుకున్న కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. పల్చగా పరిస్తే వేడీ పోతుంది, తడీ పోతుంది. కానీ ఎక్కడ పరచాలి? మా ఇల్లు గదిన్నర. బయట ముసురు, వాకిలంతా బురద.

వీధి మొదట్లో తిమ్మక్క ఇల్లుంది. భూములున్న వాళ్లు. ఇంటి ముందు కప్పు వేసి, బండలు పరిచిన పెద్ద పడసాల వాళ్లది. మా అమ్మ ఇరవై ఏళ్లు వాళ్ల చేలలో కూలి చేసింది కానీ ఆ పడసాల మీద ఏనాడూ అడుగు పెట్టలేదు. ఏ మాటైనా వాకిట్లో నిలబడే. అమ్మ ఆ ఇంటి వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. ఆమె వెళ్లి అడగలేకపోతోందని అర్థమై, నేను పరుగెత్తాను.

తిమ్మక్క పడసాలలో కూర్చుని తమ విత్తనమే ఏరుకుంటోంది. నేను చెప్పబోతే ఏడుపు అడ్డం వచ్చి మాట సగంలో తెగింది. ఆ సగమే ఆమెకు చాలింది. తన చాటలు, గంపలు పక్కకు జరిపి, మంచం ఎత్తి గోడకు నిలబెట్టింది.

"నిలబడి ఏం చూస్తావు? కాయలు తీసకరా పో."

తట్టల మీద గోనెలు కప్పి మోశాం. గోనె తీసి బండల మీద కుమ్మరించినప్పుడల్లా కాయల మీంచి ఆవిరి లేచింది. ఆ చలి గాలిలో అది బాగా కనబడింది. మొదటి తట్టకే తిమ్మక్క కొంగు నడుముకు చెక్కుకుంది. తర్వాతి తట్ట ఆమే ఎత్తుకుంది. మధ్యాహ్నానికి పడసాల అంతా కాయలే, మనిషి తిరగడానికి ఒక జానెడు దారి మిగిలింది. గంటకోసారి కాళ్లతో తిరగేశాం. చీకటి పడకముందే కాయలు చల్లబడ్డాయి. చల్లటి కాయ చేతిలోకి తీసుకుని అంత సంతోషపడిన రోజు నాకు మళ్లీ రాలేదు. అమ్మ ఆ పడసాల అంచున కూర్చుని, తిమ్మక్క ఇచ్చిన కాఫీ తాగింది. తిమ్మక్క ఆ పూట ఒక్క క్షణం వెనకా ముందూ ఆలోచించినా మాకు విత్తనం ఉండేది కాదు. ఆమె పోయి చాలా ఏళ్లైంది. ఆ వాకిట్లో ఆగి, ఆమె కోడలితో రెండు మాటలు మాట్లాడకుండా నేను ఇప్పటికీ ముందుకు పోను.

అన్నీ బతికాయని చెప్పను. కుప్ప పై భాగం, నడిమి భాగం, అడుగు భాగం వేరువేరుగా పరిచాం కాబట్టి, ఒక్కో చోటి నుంచి పది గింజలు తీసి తడిగుడ్డలో కట్టి పెట్టాను. నాలుగో రోజు విప్పితే పైవి తొమ్మిది మొలిచాయి, నడిమివి ఏడు. అడుగువి రెండే. మిగిలిన ఎనిమిదీ మెత్తబడి, వేలితో నొక్కితే జావ కారాయి. అమ్మ వాటిని చాలాసేపు చూసింది. అడుగు కాయలన్నీ తీసుకెళ్లి దిబ్బలో పోసింది. రెండెకరాల్లో చెనక్కాయ వేసి, మూడో ఎకరాకు ఉలవలు చల్లింది. ఇంకొక్క రోజు ఆగి ఉంటే మూడూ ఉలవలే అయ్యేవని మాత్రం అంది. నాన్న తిరిగి వచ్చాక ఆయనకూ ఇదే మాట చెప్పింది, తన తప్పును దాచకుండా, నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టిన సంగతితో సహా.

అక్టోబరులో పరీక్ష రాశాను. వేడి లెక్క వచ్చింది. పెన్ను ఆపి, కళ్లు మూసుకుని, మా ఇంటి మూలలో కుప్ప పక్కన నిలబడ్డాను. మైనస్ పెట్టాను. ఆ చిన్న గీత గీసి తర్వాతి లెక్కకు పోయాను. ఇవాళ నేను కెమిస్ట్రీ టీచరుగా తింటున్న అన్నం ఆ గీత పెట్టిందే. గీతను నాకు ఇచ్చింది జయరామప్ప సారు, అర్థాన్ని ఇచ్చింది మా అమ్మ చేసిన తప్పు. ఇద్దరికీ రుణపడి ఉన్నాను, ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

నవంబరులో కాయ ఇంటికి వచ్చింది. గొప్ప పంట కాదు, ఆ కరువులో చిన్న పంటా కాదు. అమ్మ అన్నిటికంటే ముందు వచ్చే ఏటి విత్తనం తీసి పక్కన పెట్టింది. తర్వాత ఆ విత్తనంలోంచే ఒక సేరు కాయలు తీసి, పొడిగా ఉన్నప్పుడే, ఒక్క చుక్క నీళ్లు చల్లకుండా, నొప్పి పుట్టిన వేళ్లతో తానే ఒలిచింది. చీలింది ఒక్కటీ లేకుండా ఏరి, తెల్లగుడ్డలో కట్టింది. నాకు ఒక్క గింజ నోట్లో వేసుకోనివ్వలేదు. రేపు పావగడకు పోదాం, మీ సారును చూడాలి అంది.

మేము వెళ్లేసరికి కొత్త పిల్లలకు అదే పాఠం జరుగుతోంది. బల్ల మీద కానుగ గింజ సూదికి గుచ్చి ఉంది. సారు మమ్మల్ని చూసి లోపలికి రమ్మన్నారు. అమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తిన్నగా బల్ల దగ్గరికి నడిచి, మూట విప్పి పెట్టింది. ఎర్రటి గింజలు.

"ఇవి ఇత్తనం గింజలు కదమ్మా" అన్నారు సారు.

"ఇత్తనమే సార్. ఆ పొద్దు మీరు ఒకటి కాల్చినారు కాబట్టే ఇవి మొలిచినాయి. తెలీక ఒక మాట అన్నా, మనసులో పెట్టుకోవద్దండి. ఇంగ కానుగ్గింజ వద్దు, దీన్నే కాల్చండి."

సారు ఒక గింజను వేళ్ల మధ్య తిప్పి చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తన కుర్చీ లాగి అమ్మను కూర్చోబెట్టారు. కానుగ గింజ తీసేసి, అమ్మ తెచ్చిన గింజల్లో ఒకటి గుచ్చి అంటించారు. అమ్మ రెప్ప వేయకుండా చూసింది. మంట ఆరిపోయాక సారు టెస్ట్ ట్యూబు ఆమె ముందుకు జరిపారు. ఆమె వేళ్లు ఆనించింది, వెంటనే తీసి, మళ్లీ ఆనించింది. తర్వాత సూది మీద మిగిలిన నల్లటి పొట్టు వైపు చూసింది.

"ఈ కాకంతా దీందే కదా సార్. మనకి వచ్చింది, పాపం దానికి పోయింది."

నేను ఒక పరీక్ష తప్పి, ఒక ఎకరా విత్తనం పోగొట్టుకుని నేర్చుకున్న మాట అది. సారు బోర్డు దగ్గరికి వెళ్లి, వేడి ముందు పెద్ద మైనస్ గీశారు. ఈ గుర్తు ఎవరు పెట్టించారో కూడా పుస్తకంలో రాసుకోండని పిల్లలతో అన్నారు. వాళ్లు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగారు. ముందు బల్ల మీది అమ్మాయి పేరేమిటని అడిగింది.

"మారక్క" అంది అమ్మ.

నలభై పెన్నులు కదిలాయి. అమ్మకు చదవడం రాదు కాబట్టి అక్కడ ఏం జరుగుతోందో నేను చెవిలో చెప్పాల్సి వచ్చింది. ఆమె తల వంచుకుని కాసేపు కొంగు సర్దుకుంది. బస్సు వేళైందని లేస్తూ, మిగిలిన గింజలకు తడి తగలనీయొద్దనీ, కుప్పగా పోయొద్దనీ సారుకు రెండుసార్లు చెప్పింది.